స్పోర్ట్ క్వాడ్ ముందు సస్పెన్షన్: మెక్‌ఫెర్సన్ స్ట్రట్టా, డబుల్ ఎ-ఆర్మా?

పోలారిస్ కంపెనీ స్పోర్ట్ క్వాడ్ (హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి) స్క్రాంబ్లర్ 500లో ముందు చక్రాలకు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉండేది. 2003లో అదే కంపెనీ తెచ్చిన ప్రిడేటర్ 500కి డబుల్ ఎ-ఆర్మ్ (ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ‘A’ ఆకారపు ఆర్మ్) పెట్టారు. కారణం మలుపుల్లో తెలుస్తుంది.

స్ట్రట్‌లో చక్రాన్ని ఫ్రేముకు కలిపే ఆర్మ్ కింద ఒకటే. పైన షాకే (షాక్ అబ్జార్బరే) ఆధారం, హ్యాండిల్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే ఇరుసూ అదే. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. కానీ పక్కకి పడే బలమంతా షాక్ రాడ్ మీదే పడుతుంది. బుష్ (రాడ్ కదిలే చోట ఉండే గొట్టం లాంటి ముక్క) అరుగుతుంది, సీల్ కారుతుంది, చక్రం ఊగుతుంది. మలుపులో బండి ఒరిగితే బయటి టైరు కూడా బయటికే వాలి, పట్టు జారుతుంది.

ఎ-ఆర్మ్‌లో పై ఆర్మ్ పొట్టిగా, కింది ఆర్మ్ పొడుగ్గా ఉంటుంది. అందుకే చక్రం పైకి లేచినప్పుడు దాని పైభాగం లోపలికి వాలి, టైరు నేలకు దాదాపు సమంగా ఆనుతుంది. షాక్ బరువు మోయడానికే పరిమితం కాబట్టి చాలాకాలం మన్నుతుంది, విప్పడమూ తేలిక. రేసుకైతే రెండో ఆలోచన అక్కర్లేదు, ఎ-ఆర్మే.

అయితే ఎ-ఆర్మ్‌లో బాల్ జాయింట్లు (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీళ్ళు) ఒక్కో వైపు రెండు, బుష్‌లు అదనం. గ్రీజు మరిస్తే లూజవుతాయి. ముందు భాగం జాకీపై ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి: ఆడితే బాల్ జాయింటో బేరింగో పోయింది. కుడిఎడమలకు ఊపితే ఆడేది ఎక్కువగా టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్. వెడల్పు ఆర్మ్‌లు వేస్తే సరిపోయే పొడవు టై రాడ్‌లూ వేసి, టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మళ్ళీ సరిచూడాలి. లేదంటే ప్రతి గుంతకీ హ్యాండిల్ లాగేస్తుంది.