పడకా, ఫ్లాటా, అద్దె గదా: చెన్నై ఫుట్‌పాత్ మనిషికి ఏది మేలు?

చెన్నైలో రోడ్డు మీద బతికే మనిషికి సర్కారు తరఫున దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి కార్పొరేషన్ షెల్టర్‌లో పడక, రెండోది మురికివాడల వాళ్ళకు ఇళ్ళు కట్టే సర్కారు సంస్థ, స్లమ్ బోర్డు, ఇచ్చే ఫ్లాట్. మూడోది కూడా ఉంది: మామూలు వీధిలో ఒక అద్దె గది, అవసరమైతే వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోయే మనిషి. దీన్ని ఈ ఊళ్ళోనే చేసి చూపించారు గానీ, షెల్టర్ పథకం రూల్స్‌లో దానికి పద్దు లేదు.

నేను ఉత్తర చెన్నైలో ఒక షెల్టర్‌కు లెక్కలు రాస్తాను. ఆడిట్‌కు ఓచర్లు కుట్టడం, యూసీలు, అంటే ఇచ్చిన డబ్బు ఇలా ఖర్చయిందని చెప్పే కాగితాలు, తయారు చేయడం నా పని. అందుకని ఈ మూడింటినీ డబ్బు ఏ షరతు మీద వస్తుందో అక్కడి నుంచే చూస్తాను. ఎవరికి చోటు దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది చాలావరకు ఆ షరతులోనే తేలిపోతుంది.

షెల్టర్ల సంగతి ముందు. ఆహార హక్కు కేసుగా పేరుపడిన పిటిషన్‌ను పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసింది, అది 2001 నాటిది. 2010 జనవరిలో ఢిల్లీ చలికి రోడ్డు మీది జనం చనిపోతున్న విషయం అదే కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. నైట్ షెల్టర్ల ఆదేశాలు మొదట ఢిల్లీకి, తరవాత మిగతా రాష్ట్రాలకూ వెళ్ళాయి. లక్ష జనాభాకు ఒక షెల్టర్ అనే కొలత అప్పటిదే. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే పథకంగా రాసుకుంది. కాగితం మీద ఆ రూల్స్ చాలా బాగుంటాయి. షెల్టర్ రాత్రికే కాదు, 24 గంటలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి. కనీసం 50 మందికి చోటుండాలి, మనిషికి 50 చదరపు అడుగులు. స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లు, ఆస్పత్రుల దగ్గర, అంటే జనం నిజంగా పడుకునే చోట్ల కట్టాలి. ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు, మానసిక జబ్బు ఉన్నవాళ్ళకు విడిగా ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పెన్షన్ దరఖాస్తు లాంటివి అక్కడే చేయించాలి.

ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ షెల్టర్ చేసే అసలు మేలు అదే. అడ్రసు లేని మనిషికి అడ్రసు పుడుతుంది. చెన్నై పాత బజారు ప్రాంతం ప్యారిస్‌లో మూటలు మోసే ఒక ఒంగోలు ఆయనకు పాతికేళ్ళుగా ఏ కాగితమూ లేదు. షెల్టర్ అడ్రసు మీద ఆధార్ వచ్చాకే బ్యాంకు ఖాతా వచ్చింది.

ఇబ్బంది డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది. 50 మందికి తలా 50 అడుగులంటే 2,500 చదరపు అడుగులు. సెంట్రల్ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల అంత చోటు ఎవరిస్తారు? కాబట్టి పాత కార్పొరేషన్ బిల్డింగో, వాడకంలో లేని బడో చూసుకోవాలి. అది ఎక్కడ ఖాళీగా ఉంటే షెల్టర్ అక్కడే వస్తుంది. జనం పడుకునే చోటికి, పడక ఉన్న చోటికి మధ్య రెండు బస్సులు మారాల్సి వస్తే కూలీ మనిషి రానే రాడు. తెల్లవారుజామున లారీ దగ్గర లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

ఇంకో సంగతి. నిర్వహణ ఖర్చుకు కేంద్రం వాటా షెల్టర్ మొదలైన దగ్గర నుంచి అయిదేళ్ళే వచ్చేది. మొదట్లో కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం ఉండేది. తరవాత 60:40 అయింది. అయిదేళ్ళ తరవాత ఖర్చు స్థానిక సంస్థ నెత్తిన. ఇల్లు లేకపోవడం అయిదేళ్ళలో తీరిపోతుందని ఎవరు అనుకున్నారో తెలీదు. పైగా 2024 సెప్టెంబర్ 30తో ఆ మిషనే ముగిసిపోయింది. డబ్బు వచ్చిన రోజుల్లోనూ అన్ని రాష్ట్రాలూ సరిగా ఖర్చు పెట్టలేదు. ఇ.ఆర్. కుమార్ కేసులో 2016 నవంబర్‌లో సుప్రీంకోర్టు దీని మీదే విసుక్కుని, షెల్టర్లు నిజంగా ఉన్నాయో లేవో చూడమని జస్టిస్ కైలాష్ గంభీర్ ఆధ్వర్యంలో కమిటీ వేసింది. 2011 జనాభాతో లెక్క వేసుకుంటే విస్తరించిన చెన్నైకి దాదాపు 67 షెల్టర్లు ఉండాలి. అన్ని లేవు. అయినా చాలా నగరాల కంటే చెన్నై నయమనే చెప్పాలి.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది రిజిస్టర్. షెల్టర్ బాగా నడుస్తోందా అన్నది రాత్రి ఎంతమంది పడుకున్నారన్న అంకెతోనే తేలుతుంది. ఒక మనిషి కోలుకుని, పని చూసుకుని, గది తీసుకుని వెళ్ళిపోతే మా రిజిస్టర్‌లో ఒక పడక ఖాళీ. తనిఖీకి వచ్చినవాళ్ళు ఎందుకు తగ్గారని అడుగుతారు. వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడున్నారు, మళ్ళీ రోడ్డు మీదకు వచ్చారా అని అడిగే గడి ఫారంలో లేదు. మనిషి బయటపడితే సంస్థకు మార్కులు తగ్గే పద్ధతి ఇది.

షెల్టర్ ముందు మిగతా రెండూ నిలవలేని చోటు మాత్రం ఒకటుంది. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పెద్ద జబ్బులకు సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి వచ్చే మనవాళ్ళ సంగతి తెలిసిందే. పేషెంటుకు లోపల మంచం దొరుకుతుంది, తోడొచ్చిన వాళ్ళకు గోడ పక్క సిమెంటు గచ్చు. వాళ్ళకు ఇల్లు అక్కర్లేదు, ఊళ్ళో ఉంది. పది రోజులో నెలో, గేటుకు దగ్గరలో, స్నానానికి నీళ్ళు ఉండే చోటు కావాలి. చెన్నైలో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల దగ్గర సహాయకుల కోసం ప్రత్యేకంగా షెల్టర్లు పెట్టారు. షెల్టర్లలో నూరు శాతం సరైన ఖర్చు ఇదే అంటాను.

ఇక ఫ్లాట్.

స్లమ్ బోర్డు 1970లో పుట్టింది. 2021లో పేరు తమిళనాడు అర్బన్ హాబిటాట్ డెవలప్‌మెంట్ బోర్డుగా మారింది గానీ జనం నోట్లో ఇంకా పాత పేరే. 2000 తరవాత కణ్ణగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కం అంటూ దక్షిణ శివార్లలో వేలకు వేలు ఫ్లాట్లు లేచాయి. కణ్ణగి నగర్‌లో పదిహేను వేలకు పైగా, పెరుంబాక్కంలో ఇరవై వేలకు పైగా. 2015 డిసెంబర్ వరదల తరవాత అడయార్, కూవం నదుల ఒడ్డున ఉన్న కుటుంబాలను చాలావరకు పెరుంబాక్కం చేర్చారు.

ఫ్లాట్‌కు ఉన్న బలం కాదనలేనిది. తలుపుకు గొళ్ళెం ఉంటుంది. ఆడపిల్ల ఉన్న తల్లికి ఆ గొళ్ళెం విలువ ఎంతో వేరే చెప్పాలా? పిల్లలకు బడి అడ్రసు ఉంటుంది. గ్రాంటు ఆగిందని రేపు పొద్దున ఖాళీ చేయమనరు. మూడింటిలో ఇంత నిలకడ ఇంకదేనికీ లేదు.

కానీ పెరుంబాక్కం నుంచి ప్యారిస్‌కు ఇరవై కిలోమీటర్లు పైనే. కొత్వాల్ చావడి చుట్టూ మోత పని, షావుకారుపేటలో ఇంటి పని, పూల కొట్టు పని చేసుకునేవాళ్ళు అక్కణ్ణుంచి రోజూ రావడమంటే కూలిలో కొంత బస్సుకే పోతుంది. అందుకే కొందరు ఫ్లాట్‌కు తాళం వేసి, వారమంతా పాత ఫుట్‌పాత్ మీదే పడుకుని ఆదివారం ఇంటికి వెళ్తారు. సర్కారు కాగితాల్లో వాళ్ళు ఇళ్ళున్నవాళ్ళు. అదే ఫ్లాట్ మూలకొత్తళం లాంటి దగ్గరి చోట కడితే కథ వేరు. వాల్‌టాక్స్ రోడ్డు పేవ్‌మెంట్ మీద తరతరాలుగా ఉన్న కుటుంబాలను అడిగితే దగ్గరి చోటే ఇమ్మంటారు. ఊరి మధ్య స్థలం ఖరీదు, అందుకే శివారు అనేది బోర్డు పాత జవాబు. ఖరీదు సంగతి నిజమే. ఆ ఖరీదును బస్సు టికెట్ల రూపంలో కూలివాడి చేత కట్టించడమే నాకు నచ్చదు.

తెలుగువాళ్ళకు తగిలే మెలిక ఇంకొకటుంది. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో గానీ, 2024లో వచ్చిన రెండో విడతలో గానీ, ఆ కుటుంబం పేర దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. శ్రీకాకుళం నుంచో ప్రకాశం నుంచో వచ్చిన కూలీకి సొంత ఊళ్ళో ఇందిరమ్మ ఇల్లు ఉండొచ్చు. ఆ ఊళ్ళో పని లేదు కాబట్టే ఇక్కడికొచ్చాడు. అక్కడి రెండు గదులు ఇక్కడ ఫుట్‌పాత్ మీద వానను ఆపవు గానీ, దరఖాస్తును మాత్రం ఆపుతాయి. ఊళ్ళో పక్కా ఇల్లు ఉన్నవాళ్ళకు మళ్ళీ ఇళ్ళు ఇవ్వకూడదనే రూల్‌లో తప్పు లేదు. సొంత ఇల్లు, పని చేసే ఊళ్ళో నీడ వేర్వేరు అవసరాలని గుర్తించకపోవడమే లోపం. బిల్డింగ్ పనివాళ్ళది ఇంకో రకం. పని జరిగినన్నాళ్ళూ సైట్‌లో వసతి ఇవ్వాల్సింది యజమాని అని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెబుతుంది. పని అయిపోయిన రోజున ఆ షెడ్డూ పోతుంది.

మూడోది, అద్దె గది. నా మొగ్గు దీనివైపే కాబట్టి దీని లోపాలు ముందు చెబుతాను.

మనుషుల్ని బట్టి ఇల్లిచ్చే ఊరిది. బ్యాచిలర్లకు లేదంటారు, కులం అడుగుతారు, రోడ్డు మీద నుంచి వచ్చాడని తెలిస్తే తలుపే తీయరు. అందుకే సంస్థ పేర అగ్రిమెంట్ రాయాలి. ఆడిట్ తలనొప్పి మరొకటి. షెల్టర్‌కు అధికారి ఒకసారి వస్తే యాభై మందీ కనిపిస్తారు. యాభై గదులు యాభై వీధుల్లో ఉంటే ఎవరు తిరిగి చూస్తారు? లేని అద్దెకుండేవాళ్ళ పేర బిల్లులు పెట్టడం ఎంత తేలికో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలుసు. అధికారులు షెల్టర్ వైపు మొగ్గడానికి ఇది న్యాయమైన కారణమే. ఇక డబ్బు ఆగితే, మానసిక జబ్బు ఉన్న మనిషి అద్దె కట్టుకోలేక మళ్ళీ రోడ్డు పాలవుతాడు.

ఇన్ని ఉన్నా మొగ్గు ఎందుకంటే, చెన్నైలోనే ఇది నడిచింది. వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో మొదలుపెట్టిన ది బాన్యన్ సంస్థ మానసిక జబ్బుతో రోడ్డున పడ్డ ఆడవాళ్ళ కోసం పని చేస్తుంది. ఏళ్ళ తరబడి సంస్థలోనే ఉండిపోయినవాళ్ళ కోసం 2015 ప్రాంతంలో హోమ్ అగైన్ అని మొదలుపెట్టింది. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, వండుకుంటారు, తోడుగా ఒక కార్యకర్త ఉంటుంది. వార్డుల్లో నయం కాదనుకున్నవాళ్ళు అంగడికి వెళ్ళి బేరమాడి కూరగాయలు తెచ్చుకున్నారు.

బయట దేశాల్లో దీన్నే హౌసింగ్ ఫస్ట్ అంటారు. ముందు ఇల్లు ఇవ్వు, తాగుడు మానావా, డాక్టర్ ఇచ్చిన మాత్రలు వేసుకున్నావా అన్నది తరవాత చూద్దాం అని. న్యూయార్క్‌లో 1992లో మొదలైంది. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్నే ప్రభుత్వ విధానంగా పెట్టుకుని పాత షెల్టర్లను ఫ్లాట్లుగా మార్చింది. అమెరికాలో గాలి మళ్ళింది. అక్కడి గృహ నిర్మాణ శాఖ 2025 చివర్లో గ్రాంట్ల రూల్స్ మార్చి, శాశ్వత ఇళ్ళకు వెళ్ళే వాటాకు 30 శాతం దగ్గర గీత గీయబోయింది. గొడవ కోర్టుకెక్కింది. గ్రాంటు రూల్స్‌లో ఒక్క గీత మారితే ఎంతమంది ఇళ్ళు ఊగుతాయో చూడడానికి అది చాలు.

మన దగ్గర మనిషిని ఆపే గీత ఇంకా చిన్నది. మూటలు మోసేవాడు ఉత్తర చెన్నైలో వ్యాసర్‌పాడిలోనో కొడుంగయూర్‌లోనో నెలకు అయిదారు వేల గది అద్దె, ఇద్దరు కలిస్తే, కట్టగలడు. కట్టలేనిది అడ్వాన్సు. తమిళనాడు 2017 అద్దె చట్టం వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించకూడదని చెబుతుంది. ఆ మూడు నెలలే పదిహేను పద్దెనిమిది వేలు. ఫుట్‌పాత్ మీద అంత డబ్బు దాచుకోవడం ఎలా? నిద్రపోతే జేబు కోస్తారు. షెల్టర్ రూల్స్‌లో దుప్పటికి డబ్బుంది, కేర్‌టేకర్ జీతానికి డబ్బుంది, అడ్వాన్సుకు లేదు. ఆ ఒక్క మొత్తం లేక ఏళ్ళ తరబడి షెల్టర్ పడక మీదే ఉండిపోయినవాళ్ళున్నారు. వాళ్ళ పడకకు ఏటేటా పెట్టిన ఖర్చు ఆ అడ్వాన్సును ఎప్పుడో దాటిపోయింది.

ఇది సర్కారుకు కొత్త విషయమూ కాదు. స్లమ్ బోర్డు పాత ఫ్లాట్లు కూల్చి కొత్తవి కట్టేటప్పుడు, అన్నాళ్ళూ బయట అద్దెకుండమని కుటుంబానికి 24,000 రూపాయలు ఇస్తోంది. మునుపు 8,000 ఉండేది. అంటే పేదవాడి చేతికి అద్దె డబ్బు ఇవ్వడం, దాన్ని ఆడిట్ చేయడం వచ్చు. పాత ఫ్లాట్ ఉన్నవాడికి ఇస్తున్నారు, ఏమీ లేనివాడికి ఇవ్వడం లేదు.

కాబట్టి నన్నడిగితే, ఆస్పత్రి గేటు దగ్గరా, కొత్తగా రైలు దిగినవాళ్ళకూ షెల్టరే మేలు. దానికి అయిదేళ్ళ గడువు తీసేసి ఏటేటా కార్పొరేషన్ బడ్జెట్‌లోనే డబ్బు పెట్టాలి. తరతరాలుగా ఒకే పేవ్‌మెంట్ మీద ఉన్న కుటుంబాలకు ఫ్లాటే మేలు, మూడు నాలుగు కిలోమీటర్ల లోపు అయితేనే. దూరమైతే ఇవ్వకపోయినా ఒకటే. ఒంటరి కూలీలకు, మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ళకు అద్దె గది. మొదటివాళ్ళకు అడ్వాన్సు, మూడు నెలల అద్దె ఇస్తే చాలు, రెండోవాళ్ళకు ఎన్నేళ్ళయినా తోడు ఉండాలి. వచ్చే ఏడాది ఒక్క రూపాయే ఎక్కువ వస్తుందంటే దాన్ని అడ్వాన్సు పద్దులో వేయమంటాను, రిజిస్టర్‌లో బయటికి వెళ్ళి ఆరు నెలలు నిలిచినవాళ్ళకు ఒక గడి పెట్టమంటాను.

ఈలోగా ఊరి నుంచి పేషెంటును తెచ్చేవాళ్ళు పేషెంటు ఓపీ చీటీ, మీ ఆధార్ జిరాక్స్ దగ్గర పెట్టుకుని ఆస్పత్రిలోనే షెల్టర్ ఎక్కడని అడగండి. రోడ్డు మీద ఎవరైనా పడి ఉన్నారని చెప్పాలంటే చెన్నై కార్పొరేషన్ నంబర్ 1913. వాళ్ళకు ఏ సందు, ఏ కొట్టు ఎదురుగా అన్నది సరిగ్గా చెప్పండి. లేకపోతే వచ్చినవాళ్ళు వెతికి వెనక్కి పోతారు.