గ్లైడ్‌లో జిఫ్‌లు: చాట్‌కి సరే, లయ తప్పకూడని చోట కాదు

ఆండ్రాయిడ్‌లో జిఫ్ చూపించాలంటే చాలామంది చెయ్యి ముందు బొమ్మలు లోడ్ చేసే లైబ్రరీ గ్లైడ్ మీదకే పోతుంది. తప్పేం లేదు. ఒక్క లైన్‌తో పనైపోతుంది. ఫ్రేములన్నీ మెమరీలో పేర్చుకోకుండా ఎప్పటికప్పుడు డీకోడ్ చేసుకుంటుంది, అంటే ఫైల్లోంచి విప్పుకుంటుంది. పేచీ అంతా వేగం దగ్గరే.

ఏ ఫ్రేము ఎంతసేపు నిలవాలో జిఫ్ ఫైల్లో సెకనులో వందో వంతుల లెక్కన రాసి ఉంటుంది. ఆ అంకె 2 కంటే తక్కువైతే గ్లైడ్ దాన్ని 10గా, అంటే 100 మిల్లీసెకన్లుగా తీసుకుంటుంది. డిజైనర్ వేగం కోసం 0 పెట్టి పంపిన జిఫ్ ఫోన్‌లో నత్తనడక నడిచేది అందుకే. ఇది బగ్ కాదు, బ్రౌజర్లూ ఇలాంటి సర్దుబాటే చేస్తాయి. పోనీ 2 పెడితే? 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ అయ్యే తెర మీద కొన్ని ఫ్రేములు ఒక రిఫ్రెష్, కొన్ని రెండు రిఫ్రెష్‌లు నిలిచి బొమ్మ వణుకుతుంది. 5 పెట్టించుకోండి. 50 మిల్లీసెకన్లంటే 60 హెర్ట్జ్‌లో సరిగ్గా 3 రిఫ్రెష్‌లు, 120లో 6.

అసలు లోపం ఇంకొకటి. తర్వాతి ఫ్రేము గడువును గ్లైడ్ అప్పటి గడియారం చూసి లెక్కేస్తుంది, యానిమేషన్ మొదలైన క్షణం నుంచి కాదు. ఆలస్యమైన ఫ్రేమును వదిలేయదు కూడా. 40 మిల్లీసెకన్ల చొప్పున 100 ఫ్రేములున్న జిఫ్ 4 సెకన్లలో అయిపోవాలి. ఒక్కో డీకోడ్‌కి 55 మిల్లీసెకన్లు పడితే 5.5 సెకన్లు దాటుతుంది. పక్కన ఆడియో నడుస్తుంటే ఇక చెప్పక్కర్లేదు.

గ్లైడ్‌లో సైజు చెప్పే ఓవర్‌రైడ్‌తో బొమ్మను తగ్గిస్తే ఇది కుదురుకుంటుందని ఆశపడకండి. మెమరీ తగ్గుతుంది గానీ, జిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు విప్పేటప్పుడు ఫ్రేములోని పిక్సెళ్లన్నీ ఎలాగూ దాటాల్సిందే. ఫైల్నే చిన్నగా ఎగుమతి చేయించాలి. బొమ్మను చూపించే ఇమేజ్‌వ్యూకి సెంటర్‌క్రాప్ (చోటు నిండేలా అంచులు కత్తిరించడం) ఉంటే గ్లైడ్ ఆ కత్తిరింపు ప్రతి ఫ్రేముకీ చేస్తుంది. గ్లైడ్‌కి డోంట్‌ట్రాన్స్‌ఫార్మ్ ఆప్షన్ పెడితే ఆ బరువు దిగుతుంది, కత్తిరించే పని ఇమేజ్‌వ్యూనే గీసేటప్పుడు చూసుకుంటుంది.

స్టిక్కర్లకీ, చాట్‌కీ గ్లైడ్ చాలు. వేగం తప్పకూడని చోట, ఆండ్రాయిడ్ 9 ఆపైన సిస్టమ్‌లోనే ఉండే యానిమేటెడ్‌ఇమేజ్‌డ్రాయబుల్ మేలు. దాన్ని నడిపేది తెర మీద గీసే రెండర్ థ్రెడ్, డీకోడ్ చేసేది వేరే వర్కర్ థ్రెడ్. అందుకే మెయిన్ థ్రెడ్ తడబడినా బొమ్మ ఆగదు. మొదటి డీకోడ్ మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌లోనే చేయాలి. యానిమేషన్ మొదలుపెట్టే స్టార్ట్ ఫంక్షన్‌ని మనమే పిలవాలి, మరిచిపోతే మొదటి ఫ్రేము దగ్గరే నిలబడిపోతుంది.