సెకండ్ హ్యాండ్ ఫుటాబా 4పీఎల్‌ఎస్ రేడియో: నాలుగేళ్ళు వాడాక

2021 జనవరిలో రిమోట్ కార్లని నడిపే ఒక పాత ఫుటాబా 4పీఎల్‌ఎస్ రేడియో కొన్నాను, కారులో ఉండి దాని సిగ్నల్ అందుకునే ఆర్304ఎస్‌బీ రిసీవర్ ఒకటి కలిపి రూ.11,500. నాలుగేళ్ళు దాటింది. ఈలోగా నా దగ్గర మూడు కార్లు మారాయి, రెండు ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని అదుపు చేసేవి) కాలాయి, విరిగిన సర్వోల (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్ల) లెక్కే లేదు, రేడియో మాత్రం అదే. కొత్తగా ఆర్సీ (రిమోట్) కార్లలోకి వస్తున్న తమ్ముళ్ళు "పాత రేడియో కొనొచ్చా అన్నా" అని తరచు అడుగుతుంటారు. కొనొచ్చు. కారు మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా సరే మంచి పాత రేడియో కొనుక్కోమనే చెప్తాను. కాకపోతే ఏం చూసి కొనాలో తెలియాలి, అది తెలియకే నేను మొదటిసారి మోసపోయాను.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రెండూ కలిసిపోయిన ఊరు. హాబీ షాపు లేదు, కారుకి చిన్న స్క్రూ పోతే మొబైల్ రిపేరు షాపుల్లో వెతుక్కోవాలి. ట్రాక్ అని చెప్పుకునేది ఊరి బయట ఒక రైసు మిల్లు వాళ్ళు ధాన్యం ఆరబెట్టుకునే సిమెంటు కళ్ళం. ఆదివారం సాయంత్రం మా నలుగురికీ వదిలేస్తారు, కోతలయ్యాక మాత్రం కళ్ళం నిండా ధాన్యమే కాబట్టి ఆ రెండు మూడు నెలలూ కార్లు అటక మీదే. అప్పుడప్పుడు కార్లు బ్యాగులో సర్దుకుని రైలెక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ వెళ్ళి అక్కడి వాళ్ళతో పందెం వేస్తాం.

మొదటి పాత రేడియో 2020లో కొన్నాను. అమ్మినాయన దూరపు ఊరివాడు, ఫొటోలు చూస్తే కొత్తదానిలాగే మెరిసిపోతోంది. వచ్చాక కారు తిన్నగా వెళ్ళేది కాదు. ఎడమకి తిప్పి వదిలితే కాస్త ఎడమకే లాగేది, కుడికి తిప్పి వదిలితే కుడికి. ట్రిమ్ వేస్తే, అంటే రేడియోలో స్టీరింగ్ మధ్య స్థానం కాస్త జరిపితే, ఒక పక్క సరిపోయేది, రెండో పక్క ఇంకా పాడయ్యేది. సర్వో అనుకుని సర్వో మార్చాను, దాన్ని దెబ్బల నుంచి కాపాడే సర్వో సేవర్ మార్చాను, స్టీరింగ్ లింకులన్నీ విప్పి మళ్ళీ బిగించాను. రెండు నెలలు, మూడు వేల రూపాయలు పోయాయి. చివరికి విశాఖలో ఒక పెద్దాయన నా కారు రెండు రౌండ్లు చూసి, "కారులో ఏమీ లేదు నాయనా, నీ చేతిలో ఉన్నదానిలో ఉంది" అన్నారు. ఆయన చూపించిన పరీక్షే ఈ రోజుకీ చేస్తున్నాను.

విడిగా ఒక సర్వో తీసుకుని రిసీవర్‌కి తగిలించండి, బాగున్న డిజిటల్ సర్వో అయితే మంచిది. దాని కొమ్ముకి ఒక జానెడు చీపురు పుల్ల టేపుతో అంటించండి. వెనక తెల్ల కాగితం పెట్టి, రేడియో మీది స్టీరింగ్ చక్రం వదిలేసి ఉన్నప్పుడు పుల్ల కొస ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గీయండి. ఇప్పుడు చక్రం పూర్తిగా ఎడమకి తిప్పి వదలండి, పుల్ల గీత మీదకి వచ్చిందా చూడండి. తరవాత కుడికి. కొంచెం తిప్పి వదలండి, మెల్లగా తిప్పి వదలండి, ఇలా ఓ ఇరవైసార్లు. సర్వో కొమ్ము దగ్గర కంటికి ఆనని తేడా పుల్ల చివర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చక్రం ముట్టుకోకుండానే పుల్ల వణుకుతుంటే లోపల పాట్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచే భాగం) అరిగిందనో, దుమ్ము పట్టిందనో అర్థం. వణకకుండా, ఎటు నుంచి వస్తే ఆ పక్కనే ఆగుతుంటే స్ప్రింగ్ నీరసించింది, లేదా ఇరుసు పట్టేస్తోంది. అయితే ఏ సర్వోకైనా తనదైన చిన్న తేడా ఉంటుంది కాబట్టి తప్పు రేడియోదే అనేముందు ఇంకో సర్వోతో కూడా చూడాలి.

పాట్ సంగతి కాస్త చెప్పాలి, అసలు విషయం అక్కడే ఉంది. చక్రం తిప్పితే లోపల ఒక సన్నని లోహపు నాలుక కార్బన్ పట్టీ మీద జారుతుంది, అది ఎక్కడుందో చూసి రేడియో సర్వోకి చెప్తుంది. పందెంలో చక్రం ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేది తక్కువ. స్ట్రెయిట్‌లో కారుని నిలబెట్టడానికి మధ్యలోనే అటొక గింజంత ఇటొక గింజంత కదుపుతూ ఉంటాం. అందుకే పట్టీ మొదట అరిగేది సరిగ్గా మధ్యలో. అమ్మేవాళ్ళు వీడియోలో చక్రం గిరగిరా తిప్పి "చూడండి, ఎంత బాగా పనిచేస్తోందో" అంటారు, దాన్ని బట్టి ఏమీ తెలియదు. వదిలేసి ఊరుకోమనండి, అప్పుడు తెలుస్తుంది. వేగం కోసం వేలితో నొక్కే ట్రిగ్గర్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. మీరు వదిలేశాక కూడా కారు నెమ్మదిగా పాకుతోందంటే ముందు ట్రిగ్గర్ న్యూట్రల్‌ని (వదిలేసినప్పటి స్థానాన్ని) అనుమానించండి.

ఈ 4పీఎల్‌ఎస్ అమ్మినాయనది విజయనగరం. ఉద్యోగం మారి దూరం వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తున్నారు. నేను రైలు దిగాక ప్లాట్‌ఫాం బెంచీ మీదే కూర్చుని సర్వో, చిన్న బ్యాటరీ ప్యాక్, టేపు, పుల్ల బయటికి తీశాను. ఆయన "ఏటి బాబూ, రేడియో కొనడానికి చీపురు పుల్లతో వచ్చావా" అన్నారు. చూపించాక ఆయనే ఇష్టంగా తిప్పుతూ కూర్చున్నారు. ఇరవైకి ఇరవైసార్లూ పుల్ల గీత మీదకే వచ్చింది. పైన గీతలున్నాయి, చక్రం మీది స్పాంజి ఒక చోట చిరిగింది, తెర మీద ఒక మరక, వాటి గురించి నేను బేరం కూడా ఆడలేదు. బ్యాటరీ గూడు తెరిచి చూశాను, స్ప్రింగుల మీద తెల్ల పొడి లేదు. ఆల్కలైన్ సెల్స్ వేసి నెలల తరబడి మరిచిపోతే కారిపోయి ఆ పొడి పడుతుంది. పొడి కొంచెమే ఉంటే నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, తరవాత స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. సర్క్యూట్ దాకా పాకితే మాత్రం దాని జోలికి వెళ్ళకండి.

ఇంటికి తెచ్చిన రోజే ఒక గండం తప్పింది. నా టామియా టీటీ-02 కారుకి ఉన్నది మామూలు అనలాగ్ సర్వో. రేడియోకి రిసీవర్‌ని జత కలిపి (లింక్ చేసి) ఆన్ చేయగానే సర్వో గుయ్యిమంటూ నిమిషంలో వేడెక్కింది. చూస్తే ఆయన రిసీవర్ మోడ్ 'హై'లో పెట్టుకున్నారు. అది డిజిటల్ సర్వోలకి మాత్రమే, అందులో అనలాగ్ సర్వో పెడితే కాలిపోతుంది. 'నార్మల్'కి మార్చి, మళ్ళీ లింక్ చేసి బయటపడ్డాను. పాత రేడియో అంటే ఇంకొకరి సెట్టింగులు కూడా మనింటికి వస్తాయి, అందుకని కారుకి తగిలించే ముందే కొత్త మోడల్ (ఒక కారు సెట్టింగులు దాచే చోటు) ఒకటి తెరుచుకుని మొదటి నుంచి పెట్టుకోండి. ఫెయిల్ సేఫ్ (సిగ్నల్ పోతే కారు ఆగిపోయే ఏర్పాటు) అయితే తప్పనిసరి. కారుని డబ్బా మీద ఎత్తి పెట్టి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా రేడియో ఆపేయండి. చక్రాలు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ కారుని నేల మీద పెట్టొద్దు, కళ్ళం దగ్గర పిల్లలు తిరుగుతుంటారు. పరీక్షకి తప్ప మామూలుగా ముందు రేడియో ఆన్ చేసి తరవాత కారు, ఆపేటప్పుడు ముందు కారు తరవాత రేడియో. ఈ వరస మాత్రం తప్పకండి.

రిసీవర్ల ఖర్చు ముందే లెక్కేసుకోండి. ప్రతి కారులో ఒకటి ఉండాలి, రెండు మూడు కార్లయ్యేసరికి రేడియో ధరకి దగ్గరగా వస్తుంది. పైగా ఫుటాబా అని ఉంటే చాలదు. ఫాస్ట్, ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ ఇవన్నీ సిగ్నల్ పంపే వేరు వేరు పద్ధతులు, ఒకదాని రిసీవర్ ఇంకోదానికి పలకదు. నేను చవగ్గా వస్తోందని ఆర్3006ఎస్‌బీ తెప్పించాను, నా రేడియోలో ఉన్న టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ పేరే దానికీ ఉందని చూసి. అది విమానాలకి వాడే 'ఎయిర్' రకం, ఎంత ప్రయత్నించినా లింక్ కాలేదు, డబ్బు వృథా అయింది. ఇప్పుడు ఆర్304ఎస్‌బీలు మూడున్నాయి. లింక్ చేసేటప్పుడు రేడియోని రిసీవర్‌కి మూరెడు దూరంలో పెట్టుకుంటే చాలు, ఇబ్బంది పెట్టదు.

ఎక్కడైనా పాతకాలపు 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే చిన్న ముక్క) సెట్లు బాగా చవకగా కనిపిస్తే ఆశపడకండి. ఇద్దరికీ ఒకే క్రిస్టల్ ఉంటే ఒకరి కారు ఇంకొకరి మాట వింటుంది, పొడుగు ఏరియల్ ఒకటి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ గొడవ లేదు, మన దేశంలో 2005 నుంచి ఆ బ్యాండ్‌లో తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు కూడా అక్కర్లేదు. అయితే విదేశం నుంచి రేడియో తెప్పిస్తే వైర్‌లెస్ సామాను కాబట్టి కస్టమ్స్‌లో ఈటీఏ (వైర్‌లెస్ పరికరాలకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అడగొచ్చు. ఆ టెన్షన్ కంటే దేశంలో ఉన్న పాతదాన్ని వెతుక్కోవడమే మేలని నాకు అనిపించింది.

వాడకం గురించి చెప్పాలంటే చేతికి బరువు అనిపించదు, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. నేను రీచార్జబుల్ ఎనిలూప్‌లు వాడతాను. అవి ఒక్కోటి 1.2 వోల్టులు, మామూలు సెల్ 1.5, అందుకని లో బ్యాటరీ అలారం మీరు వేసే సెల్స్‌కి తగ్గట్టు సరిచేసుకోవాలి. తెర నలుపు తెలుపే, మెనూలు అలవాటయ్యేదాకా కాస్త వెతుక్కోవాలి, నాకు రెండు వారాలు పట్టింది. నాలుగు చానళ్ళలో నేను వాడేవి రెండే. నాకు బాగా ఉపయోగపడింది టెలిమెట్రీ, అంటే కారు నుంచి రేడియోకి తిరిగి వచ్చే సమాచారం. విడిగా సెన్సర్ ఏమీ లేకుండానే రిసీవర్ వోల్టేజి తెర మీద చూపిస్తుంది. ఒకసారి మలుపుల్లో కారు క్షణం పాటు స్పృహ తప్పినట్టు అయ్యేది. అందరూ రేడియో పాతది కదా, సిగ్నల్ పోతోంది అన్నారు. చేతిలో పట్టుకుని చక్రం గట్టిగా అటూ ఇటూ తిప్పి చూస్తే ఆరు వోల్టులు ఉండాల్సింది నాలుగుకి పడిపోతోంది. ఈఎస్‌సీలోంచి రిసీవర్‌కి వచ్చే కరెంటు చాలట్లేదు. ఈఎస్‌సీ మార్చాక ఆ సమస్య మళ్ళీ రాలేదు.

2023 వానాకాలం అయ్యాక స్టీరింగ్‌లో చిన్న వణుకు మొదలైంది. మా దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా గోడలే చెమ్మగిల్లుతాయి, పాట్ ఏమాత్రం. ఊళ్ళో టీవీలు బాగుచేసే ఒడియా భాయినా (అన్న) దగ్గరికి తీసుకెళ్తే వెనక స్క్రూలు విప్పి, కాంటాక్ట్ క్లీనర్ పాట్ చీలికలోకి రెండు చుక్కలు కొట్టి, చక్రాన్ని ఓ యాభైసార్లు అటూ ఇటూ తిప్పారు. ఇంటికి వచ్చి మెనూలో అడ్జస్టర్‌లోకి వెళ్ళి మధ్య, ఎడమ, కుడి మళ్ళీ నేర్పించాను. పుల్ల పెట్టి చూస్తే గీత మీద నిలబడింది, ఇప్పటికీ నిలబడుతోంది. అప్పటి నుంచి వానాకాలంలో సెల్స్ తీసేసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా పొట్లాలు వేసి దాస్తున్నాను. చక్రానికి కొత్త స్పాంజి వేశాను. పట్టు దగ్గర రబ్బరు కాస్త జిగురుగా అయింది, పాత వస్తువు కదా, నెలకోసారి స్పిరిట్ దూదితో తుడుస్తాను.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. దీనిలో 40 మోడళ్ళ దాకా దాచుకోవచ్చు. కొన్న రోజు రాత్రి ఆయన పాత మోడళ్ళు ఒక్కొక్కటే తుడిచేస్తుంటే 'మున్నా' అని ఒకటి కనిపించింది. తెరిచి చూస్తే థ్రాటిల్ (వేగం) నలభై శాతానికి కట్టేసి ఉంది, స్టీరింగ్ కూడా మెత్తగా పెట్టి ఉంది. వాళ్ళ అబ్బాయి కోసం పెట్టుకున్నారని అర్థమైంది. ఫోన్ చేసి అడిగితే "ఉంచుకోండి బాబూ, మీ ఇంట్లోనూ పిల్లలుంటారు కదా" అన్నారు. దాన్ని తుడవలేదు. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు, మొదట నేర్చుకున్నది ఆ మోడల్ మీదే. ఇప్పుడు తొమ్మిది నిండాయి, నలభై కాస్తా అరవై అయింది, మొన్న ఆదివారం కళ్ళం మీద నా కారు వెనకే వస్తూ "నాన్నా, ఇంకో అయిదు పెంచు" అని అరుస్తోంది.