పాత చెక్క పడవ: దూది కొట్టించాలా, ఫైబర్ చుట్టించాలా?

ఆదివారాలు చిలిక సరస్సులో తిరగడానికి ఓ పాత చెక్క పడవ ఉంటే బాగుండునని బరంపురంలో మనవాళ్ళు కొందరు అనుకుంటూనే ఉంటారు. కొనడం పెద్ద పనేం కాదు. వేటకి ఫైబర్ పడవలు వచ్చాక రంభ, గంజాం వైపు ఒడ్డున బోర్లించి ఉన్న చెక్క పడవల్ని అడిగే నాథుడు లేడు. టెన్షనంతా ఆ తర్వాతే. పలకల సందుల్లో దూది కొట్టించి పాత పద్ధతిలోనే నిలబెట్టాలా, అడుగంతా ఫైబర్, అంటే జిగురుతో అతికించే గాజుపీచు పొర, చుట్టించి చేతులు దులుపుకోవాలా?

కొన్నది గోపాల్‌పూర్ నోళియాల (అక్కడి సముద్రపు జాలర్ల) పడవ అయితే ఈ ప్రశ్నే లేదు. ఆ కుట్టు పడవకి మేకులుండవు, లోపల వంపు కర్రలూ ఉండవు. పలకల అంచుల్లో బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టి, సందులో గడ్డో పీచో అదుముతారు. కెరటం కొట్టినప్పుడు పడవ ఒళ్ళంతా కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజుల్లో జనాన్నీ సరుకునీ కెరటాలు దాటించి ఓడకి చేర్చింది ఈ జాతి పడవలే. దాని మీద గట్టి పొర వేస్తే వంగే గుణం పోతుంది, కెరటాల్లో ఆ పొర చిట్లకా మానదు. తాడు మార్చి తిరిగి కుట్టించడమే దారి. కుట్టడం వచ్చిన పెద్దవాళ్ళు ఊళ్ళో ఉండగానే ఆ పని చేయించుకోండి.

చిలికలో తిరిగే మేకుల పడవ దగ్గరే అసలు తర్జనభర్జన.

దూది పని చూడ్డానికి తేలికే. మేస్త్రి పాత దూదిని గీకి తీసేసి, కొత్తదాన్ని తాడులా పేని, మొద్దు ఉలి పెట్టి కొయ్య సుత్తితో సందులోకి దించుతాడు. పైన గుగ్గిలం పొడి నూనెలో కాచి పూస్తాడు. మనం ధూపం వేసే గుగ్గిలమే, సాల చెట్టు బంక. ఘుమ్సర్ అడవుల్లో ఆ చెట్టుకి కొదవ లేదు. పక్కన కూర్చుని సుత్తి చప్పుడు వింటే పని ఎంతవరకు వచ్చిందో మనకే తెలుస్తుంది. మొదట మెత్తగా, డొల్లగా వస్తుంది. దూది నిండేకొద్దీ గట్టిపడి ఠంగుమంటుంది. ఎండాకాలంలో అయితే మేస్త్రి ఆ ఠంగుమనేదాకా కూడా పోడు. "ఇంకో రెండు దెబ్బలు వేయకూడదా?" అంటే "వద్దు బాబూ, నీళ్ళు తాగాక అదే బిగుస్తాది" అంటాడు. ఎండిన పలకల మధ్య దూది మరీ బిగించి కొడితే, నీళ్ళలో చెక్క ఉబ్బినప్పుడు పలకలే ఒకదాన్నొకటి నెట్టుకుని మేకుల్ని లాగేస్తాయి. ఈ సంగతి తెలియని వడ్రంగికి మాత్రం పడవ అప్పగించకండి, ఇంటికి ఎంత చక్కటి తలుపులు చేసినవాడైనా సరే.

దూది పడవకి చాకిరీ ఎక్కువ. ఏటా ఓసారి ఒడ్డుకి లాగి సందులు చూసుకోవాలి. నీళ్ళలోకి దించిన మొదట్లో కారుతుంది, బకెట్‌తో తోడుకోవాలి. నెలల తరబడి ఒడ్డున ఎండబెడితే సందులు మళ్ళీ నోరు తెరుస్తాయి. దడదడలాడే డీజిల్ ఇంజన్ బిగిస్తే దూది ఇంకా త్వరగా వదులవుతుంది. అయినా తిరగడానికే అయితే ఇంజనెందుకు? చిలిక లోతు తక్కువ, చాలాచోట్ల గెడ వేసుకుంటూ పోవచ్చు. గాలి ఉంటే తెరచాప ఉంది. ఆ సుఖం కోసమే కదా చెక్క పడవ!

ఇక ఫైబర్. దీనికో పెద్ద సుగుణం ఉంది, పొర ఉన్నంతకాలం చెక్కని తొలిచే ఉప్పునీటి పురుగు లోపలికి రాదు. చిలికలో ఇది చిన్న విషయం కాదు. 2000లో సరస్సుకి సముద్రం వైపు కొత్త ముఖద్వారం తవ్వాక లోపల ఉప్పు పెరిగింది. ఉత్తరాన వానాకాలంలో మంచినీళ్ళు నిండుతాయి గానీ, రంభ వైపు ఉప్పు ఏడాది పొడుగునా కొంత నిలకడగా ఉంటుంది. కాకపోతే ఇసుకలోకి, ఆల్చిప్పల మీదికి లాగినప్పుడు పొర మీద ఒక్క గీత లోతుగా పడ్డా పురుగుకి ఆ దారి చాలు.

అసలు చిక్కు లోపలి వైపు. ఫైబర్ బయటే వేస్తారు. పడవలో పడ్డ వాననీళ్ళు లోపలి నుంచి చెక్కలోకి ఇంకుతాయి, ఆరడానికి దారి ఉండదు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి నిలిచిపోతే బూజు పట్టి కుళ్ళడం మొదలవుతుంది. పైగా ఉప్పునీళ్ళ కన్నా వాననీళ్ళే చెక్కని ఎక్కువ కుళ్ళబెడతాయి. లోపల చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే బయటి పొర పట్టు వదిలి పొక్కులు లేస్తుంది. వేళ్ళతో తడితే డొల్ల చప్పుడు. ఏళ్ళుగా తారు, నూనె తాగిన చెక్క మీద ఫైబర్‌ని అతికించే చవక జిగురు, పాలియెస్టర్ రెసిన్, అసలే సరిగ్గా అంటదు. ఎపాక్సీ అనే ఇంకో రకం జిగురు నయం, కానీ ఖరీదు, చెక్క బాగా ఆరి ఉండాలి, వానాకాలపు గాలిలో వేస్తే పైన జిగట తేలుతుంది. పైకి రంగు వేసి నిగనిగలాడుతూ అమ్మకానికి పెట్టిన ఫైబర్ చుట్టు పడవలు కొన్ని పైన పటారం, లోన లొటారం. 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అనే చేపలవేట అభివృద్ధి పథకం కింద ఈ తీరంలో పరీక్షించిన ఫైబర్ పడవల్ని చూపించి, చెక్క మీద చుట్టిందీ అంతే గట్టిది అనేవాళ్ళున్నారు. అవి పుట్టుకతోనే ఫైబర్ పడవలు, వాటి లెక్క వేరు.

అందుకే పడవ ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉండేటట్టయితే, నా ఓటు దూదికే. పురుగు భయానికి అడుగున తారు గానీ, పలాస నుంచి తెప్పించిన జీడిపిక్కల తొక్కల నూనె గానీ పట్టించండి. ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతులకి తొడుగులు తప్పనిసరి. పడవ షెడ్డులోనే ఉండి ఎప్పుడో నాలుగు రోజులు బయటికొచ్చేదైతే, చెక్క గట్టిగా ఉంటే, ఎపాక్సీతో ఫైబర్ వేయించుకోండి. అప్పుడు ఎండిన సందుల బాధ తప్పుతుంది. పలకలు పోయినదాన్ని కప్పిపుచ్చడానికి మాత్రం ఫైబర్ వద్దు. పలక మార్పించాక మిగతా మాట.

బేరానికి వెళ్ళేటప్పుడు జేబులో ఓ స్క్రూడ్రైవర్ వేసుకోండి. వాననీళ్ళు నిలిచే వెనక మూల, కూర్చునే బల్లల కింద, తుప్పు పట్టిన మేకుల చుట్టూ గుచ్చి చూడండి. తుప్పు మేకు చుట్టూ చెక్క నల్లబడి మెత్తగా అయిపోతుంది. మొన తేలిగ్గా దిగిపోతే ఎన్ని పలకలు మార్చాలో అక్కడే లెక్కేసి ధర తగ్గించండి. గుచ్చొద్దని అమ్మేవాడు అడ్డుపడితే బేరం మానేయండి.