గర్భిణికి విటమిన్ డి: రోజూ మాత్రా, వారానికో సాచెట్టా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో రక్తపరీక్ష రిపోర్ట్ రాగానే ఇదే ప్రశ్న. డి తక్కువుంది, వారానికో 60,000 యూనిట్ల సాచెట్ వేసుకోవాలా, రోజూ 1,000–2,000 మాత్ర చాలా?

ముందు లెక్క చూడండి. 60,000ను ఏడు రోజులకు పంచితే రోజుకు 8,570 దాటుతుంది. గర్భిణులకు సాధారణంగా చెప్పే గరిష్ఠ పరిమితి రోజుకు 4,000. 2018లో ఫలితాలు వచ్చిన ఢాకా ట్రయల్‌లో గర్భిణులకిచ్చిన అతి పెద్ద డోసు వారానికి 28,000. రక్తంలో డి పెరిగింది కానీ, బిడ్డ ఎదుగుదలలో తేడా రాలేదు.

నన్ను మాత్ర వైపు మొగ్గేలా చేసేది మాయ, అంటే ప్లసెంటా. డిని చురుకైన రూపంలోకి మార్చే జన్యువు సీవైపీ27బీ1, దాన్ని విరగ్గొట్టేది సీవైపీ24ఏ1. కిడ్నీలో చురుకైన డి పెరగగానే ఈ రెండోది బ్రేకులా పనిలోకి దిగుతుంది. మాయలో మాత్రం దాని ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే భాగం) మీద మిథైల్ గుర్తులనే చిన్న రసాయన ముద్రలు పడి చాలావరకు అణిగి ఉంటుందని 2009లో తేలింది. జన్యువు అక్షరాలు మారవు, పలకడమే తగ్గుతుంది. బ్రేకు ఇంత వదులుగా ఉన్నచోటికి సరుకు కొద్దికొద్దిగా, తెంపు లేకుండా చేరడమే మేలని నా అభిప్రాయం. సాచెట్ వేసినా 25-హైడ్రాక్సీ డి (రక్తంలో నిల్వ ఉండే రూపం) వారాల తరబడి నిలుస్తుంది, నిజమే. కానీ మింగిన డి3 (మాత్రల్లో, సాచెట్లలో ఉండే రూపం) ఒకట్రెండు రోజులు ఎగసి పడిపోతుంది. పైగా పెద్ద డోసు తల్లి ఒంట్లో డిని విరగ్గొట్టే సీవైపీ24ఏ1ను రెచ్చగొడుతుంది.

లోటు మరీ తీవ్రంగా ఉంటే డాక్టర్ సాచెట్ రాయొచ్చు. రాసినన్ని వారాలే వాడి మాత్రకు మారాలి. వారానిది రోజూ వేసుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అప్పుడు కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మలబద్ధకం వస్తాయి, వేవిళ్లనుకుని వదిలేస్తారు. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు ముందే సీరమ్ (రక్తంలోని) కాల్షియం చూపించుకోవాలి. వారిలో కొందరికి పుట్టుకతోనే సీవైపీ24ఏ1 పనిచేయకపోవచ్చు, అలాంటివారికి గర్భంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

పరీక్ష 25-హైడ్రాక్సీ డికే చేయించండి. 1,25 రూపం, అంటే చురుకైన డి, గర్భంలో మామూలుగానే రెండు మూడింతలవుతుంది, లోటును కప్పేస్తుంది.

ఎండ మంచిదే, కానీ అద్దాల బాల్కనీలోకి డిని తయారుచేసే కిరణాలు రావు. గుడ్డు పచ్చసొనలో ఉండేది 40 యూనిట్ల చిల్లరే.

మాత్రను నెయ్యి వేసుకున్న భోజనంతో వేసుకోండి. కాల్షియం మాత్రలో 250 లేదా 500 యూనిట్ల డి3 ఉండొచ్చు. అట్ట వెనక చదివి, అదీ లెక్కలో కలపండి.