ఒబామాకేరా, దాని బదులు తెచ్చిన బిల్లా: ఏది మేలు?

మన దగ్గర ప్రభుత్వం మారితే ఆరోగ్యశ్రీ పేరు మారుద్ది, ఎన్టీఆర్ వైద్యసేవ అంటారు, మళ్లీ ఆరోగ్యశ్రీ అంటారు, కానీ పథకం అయితే ఉంటది. అమెరికాలో అలా కాదు, 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌ని మొత్తానికే ఎత్తేసి ఇంకోటి పెడతాం అని రిపబ్లికన్లు ఏళ్ల తరబడి చెప్పి చెప్పి 2017 మే 4న హౌస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటు దిగువ సభలో, 217-213తో వాళ్ల బిల్లు పాస్ చేశారు కూడా. ఊరికే ఒబామా, ట్రంప్ అని కొట్టుకోకుండా ఆ రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు డబ్బుల సంగతి. ఒబామాకేర్‌లో సబ్సిడీ మన ఆదాయాన్ని, మన ఏరియాలో ప్రీమియంని బట్టి వస్తది, పెద్దవాళ్ల దగ్గర కుర్రాళ్లకంటే 3 రెట్లు మించి తీసుకోకూడదు. ఆ బిల్లులో సబ్సిడీ ముఖ్యంగా వయసు చూసి ఏడాదికి 2,000 నుంచి 4,000 డాలర్ల దాకా, పెద్దవాళ్ల రేటేమో 5 రెట్ల దాకా పెంచుకోవచ్చు. దీని మొదటి రూపం మీద బిల్లుల ఖర్చు లెక్కగట్టే కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ 2026కి లెక్కేసింది: ఏడాదికి 68,200 డాలర్లు సంపాదించే 21 ఏళ్ల కుర్రాడికి ఏడాది ప్రీమియం 5,100 నుంచి 1,450కి దిగుద్ది, బాగానే ఉంది. 26,500 వచ్చే 64 ఏళ్ల ఆయనకి మాత్రం 1,700 కట్టేది కాస్తా 14,600 అవుద్ది. వచ్చేదాంట్లో సగం పైన ప్రీమియంకే పోతే ఆయన ఏం తినాలి, అద్దె ఏం కట్టాలి?

ఇక షుగర్, బీపీ, పాత హార్ట్ ఆపరేషన్ లాంటివి. ఒబామాకేర్‌లో వీటివల్ల పాలసీ ఇవ్వనని అనకూడదు, ఎక్కువ గుంజకూడదు, అంతే. ఆ బిల్లులో మధ్యలో 63 రోజులో, అంతకంటే ఎక్కువో కవరేజ్ లేకపోతే ఏడాదిపాటు 30 శాతం అదనం, పైగా రాష్ట్రం మినహాయింపు తెచ్చుకుంటే అలాంటివాళ్లకి జబ్బు చూసి రేటు పెట్టొచ్చు. లేఆఫ్ అయ్యి ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్స్ పోయినవాళ్లని అడగండి, 63 రోజులు ఎంత తొందరగా అయిపోతాయో.

నాకు అన్నిటికంటే ముఖ్యం అమ్మానాన్నలు. గ్రీన్ కార్డు మీద 65 దాటి వచ్చినవాళ్లకి, అక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే, మొదటి 5 ఏళ్లు మెడికేర్ (65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బీమా) రాదు, విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులు చాలావరకు కవర్ చేయదు. షుగర్ ఉన్న మా అమ్మకి దొరికింది మార్కెట్‌ప్లేస్ ప్లానే, అంటే ఒబామాకేర్ కింద అమ్మే పాలసీ. అది లేకపోతే అమ్మని పిలిపించుకునే ధైర్యం చేసేవాడిని కాదు.

అలాగని ఒబామాకేర్‌లో తప్పుల్లేవని అనను. ఇన్సూరెన్స్ లేకపోతే 695 డాలర్లో ఆదాయంలో 2.5 శాతమో, ఏది ఎక్కువైతే అది ఫైన్ అంటే జనానికి మండదా మరి, 2019 నుంచి దాన్ని సున్నా చేశారు, అయినా చట్టం కూలిపోలేదు. ఇంకా పెద్ద తప్పు, ఆదాయం పేదరిక రేఖకి 4 రెట్లు దాటితే సబ్సిడీ ఒక్కసారిగా పోవడం, 2021లో ఆ హద్దు తీసేశారు గానీ 2025 చివరితో ఆ వెసులుబాటు అయిపోయింది. సొంత వ్యాపారం చేసుకునే 60 ఏళ్ల జంటలు మళ్లీ ఇక్కడే నలిగిపోతున్నారు. 2017 జూలైలో రిపబ్లికన్ సెనేటరే అయిన మెకెయిన్ బొటనవేలు కిందకి చూపించి 49-51తో సెనేట్‌లో రద్దుని ఆపాడు, నా ఓటూ అటే. కానీ ఆ హద్దు తీసేయమని మాత్రం రెండు పార్టీలనీ గట్టిగా అడగాలి, ఇప్పుడే.