నారింజ రంగు తెర కోసం కొన్న పాత పెట్టె: రోలాండ్ ఎస్‌సీ-55తో నా అనుభవం

రోలాండ్ ఎస్‌సీ-55 ఒక సౌండ్ మాడ్యూల్, అంటే కంప్యూటర్ పంపే సూచనలను బట్టి వాయిద్యాల శబ్దాలు పలికించే పెట్టె. దీన్ని నేను పాటలు కట్టడానికి కొనలేదు. ముందువైపు నారింజ రంగులో వెలిగే ఆ తెర కోసం కొన్నాను. పదహారు పార్టులకు (ఒక్కో పార్టులో ఒక్కో వాయిద్యం) పదహారు నిలువు గీతలు. ఏ వాయిద్యం ఎంత గట్టిగా మోగితే దాని గీత అంత ఎత్తుకు లేస్తుంది. పదో గీత డ్రమ్ములది, దానికి నిలకడ ఉండదు. వయొలిన్లున్న గీత మెల్లగా పైకొచ్చి కాసేపు అక్కడే నిలబడుతుంది. పాట నడుస్తున్నంతసేపూ చూస్తూ కూర్చోవచ్చు, కూర్చుంటున్నాను కూడా.

మిడి అంటే ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా పలకాలో చెప్పే సందేశాల పద్ధతి. జనరల్ మిడి (ఏ నంబరుకు ఏ వాయిద్యమో ఖరారు చేసిన ప్రమాణం), 128 వాయిద్యాలు, 1991 నాటి మోడల్ వగైరా అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఒక్కటి మాత్రం చెప్పాలి. నా చిన్నప్పుడు ఇంట్లో ఈ పెట్టె లేదు. విండోస్‌లో దానంతటదే వచ్చే మిడి శబ్దమే విన్నాను. ఆ శబ్దాలను మైక్రోసాఫ్ట్ తీసుకున్నది రోలాండ్ దగ్గరే, మొత్తం మూడు మెగాబైట్ల పైచిలుకు ఫైల్‌లో కుదించి పెట్టారు. అంటే మనలో చాలామంది వింటూ పెరిగింది ఈ పెట్టెకు తమ్ముడి గొంతు. అందుకే మొదటిసారి పాత గేమ్ మిడి ఫైల్ ఒకటి దీనిమీద వేస్తే, బాగా తెలిసిన మనిషి జలుబు తగ్గాక మాట్లాడినట్టు వినిపించింది.

అసలు ఆశ్చర్యం తర్వాత ఎదురైంది. ఈ తెరమీద గీతలే కాదు, బొమ్మలూ వేయొచ్చు. 16 అడ్డం, 16 నిలువు చుక్కల బొమ్మను మిడి ఫైల్‌లోనే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశంగా (ఫలానా తయారీదారు పరికరానికే అర్థమయ్యే ప్రత్యేక సందేశం) పెట్టి పంపితే పాట మధ్యలో తెరమీద ప్రత్యక్షమవుతుంది. అప్పట్లో కొందరు ఔత్సాహికులు వరసగా బొమ్మలు పంపి చిన్న కార్టూన్లే నడిపించారు. అలాంటి ఫైల్ ఒకటి సంపాదించి వేశాను. పాట చక్కగా మోగింది. బొమ్మ రాలేదు. దాని బదులు చెక్‌సమ్ (సందేశం చెడకుండా చేరిందో లేదో తేల్చే అంకె) తప్పిందని ఎర్రర్ వచ్చింది.

ముప్పై ఏళ్లు దాటిన వస్తువు కదా, నెపం దానిమీదికే పోయింది. లోపల కెపాసిటర్లు పోయాయేమో, అమ్మినవాళ్లు ఈ సంగతి దాచారేమో అని ఒకటే టెన్షన్. ఫ్యాక్టరీ రీసెట్ చేశాను, అడాప్టర్ మార్చాను. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే సందేశం పూర్తిగానే వెళ్తోంది. చెక్‌సమ్ లెక్క చేత్తో కూడా వేశాను: చిరునామా, డేటా బైట్లు అన్నీ కూడి, 128తో భాగించి, శేషాన్ని 128లోంచి తీసేయాలి. ఫైల్‌లో ఉన్న అంకె సరిగ్గానే ఉంది. అంటే బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నది దారిలో పాడవుతోంది.

దారిలో ఉన్నది ఒక్కటే: చవకగా దొరికే యూఎస్‌బీ మిడి కేబుల్. పేరూ ఊరూ లేని రకం. పాటలో ఒక స్వరం అంటే మూడు బైట్లు, వాటిని భేషుగ్గా మోస్తుంది. బొమ్మ సందేశం మొదలూ చివరా కలిపి 74 బైట్లు. అంత పొడుగు రాగానే మధ్యలో కొన్నిటిని మింగేస్తోంది. మిత్రుడి దగ్గర సరైన మిడి ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌ను మిడి పెట్టెకు కలిపే పరికరం) అడిగి తెచ్చి పెడితే మొదటిసారికే కళ్లార్పుతున్న పిల్లి ముఖం తెరమీదికొచ్చింది. ఇంకో సంగతి, ప్రతిధ్వని సెట్టింగులు కూడా ఇలాంటి సందేశాలతోనే వెళ్తాయి. కొన్ని పాటలు ఎందుకో పొడిగా ఉన్నాయని అన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను, అదీ ఈ కేబుల్ నిర్వాకమే. ఇప్పుడు సొంతంగా ఇంటర్‌ఫేస్ కొనుక్కున్నాను. ఆ కేబుల్ ఎవరికీ ఇవ్వలేదు, ఇస్తే పాపం.

బొమ్మలతో ఒక తిరకాసు ఉంది. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లే. ఒక బొమ్మ వెళ్లడానికి దాదాపు 24 మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోగా రావలసిన స్వరాలు వెనక క్యూలో నిలబడాలి. బొమ్మలు ఎడాపెడా వేస్తే తాళం తడబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు వాటిని పాటలో ఖాళీ చూసి ఇరికించారు. ఈ ముచ్చట తెలిశాక ఆ ఫైళ్లు చేసినవాళ్లమీద గౌరవం పెరిగింది.

శబ్దం గురించి మొదట్లో అందరికీ తెగ చెప్పాను. ఇప్పటికీ ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్, డ్రమ్ములు నాకిష్టమే. పియానో మాత్రం పలచగానే ఉంటుంది. ఒకేసారి పలికేవి 24 గొంతులు, కొన్ని వాయిద్యాలు స్వరానికి రెండేసి తినేస్తాయి కాబట్టి వాయిద్యాలు ఎక్కువున్న పాటల్లో పాత స్వరాలు మధ్యలోనే తెగిపోతాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే నా పెట్టెలో సన్నటి బుస కూడా ఉంది, వయసు ప్రభావం కావచ్చు. స్పీకర్లలో అది వినపడదు, నేను ఎక్కువగా స్పీకర్లలోనే వింటాను కనుక సర్దుకుపోయాను.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. శబ్దమే కావాలంటే ఈ పెట్టెను అనుకరిస్తూ కంప్యూటర్‌లో నడిచే ఎమ్యులేటర్లున్నాయి, కళ్లు మూసుకుని వింటే తేడా నాకు దొరకడం లేదు. నాకు బల్లమీద చోటుంది, పాత గేమ్ పాటల పిచ్చి ఉంది, రిపేరుకు ఇవ్వాల్సొస్తే ఆగే ఓపికా ఉంది. ఈ మూడిట్లో ఒకటి తక్కువైనా నేనైతే ఎమ్యులేటర్‌తో సరిపెట్టుకునేవాణ్ని. కొనాలనే ఉంటే తెర అన్ని మూలలా సమానంగా వెలుగుతోందో లేదో వీడియోలో చూపించమనండి. అడాప్టర్ 9 వోల్టులది, మధ్య పిన్ నెగటివ్. ఇంట్లో పడున్నదేదో గుచ్చేయకండి.